ఆడా మగా లెక్క తేల్చిన పంతులమ్మ: నెట్టీ స్టీవెన్స్

వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో కోడలు తల ఎత్తుకు తిరగలేని రోజులు మన పెద్దలు చాలామంది చూసినవే. వంశోద్ధారకుణ్ణి కనలేదన్న నెపంతో కొడుక్కి మారుమనువు చేసిన అత్తగార్లున్నారు. కోడలి చేత నాగప్రతిష్ఠలు, రావిచెట్టు ప్రదక్షిణాలు, నోములు చేయించినవారు లెక్కకు మించి ఉన్నారు. పున్నామ నరకం సంగతి ఎత్తి భయపెట్టే పెద్దమనుషులకూ కొదవ లేదు. ఇంత తతంగంలోనూ కొడుకు వైపు వేలెత్తి చూపినవాడు మాత్రం అరుదు. మగపిల్లవాణ్ణిచ్చే బాధ్యత తల్లి కడుపుదేనని అందరూ నమ్మారు, ఆ తల్లితో సహా.

ఇది మనకొక్కరికే పట్టిన జాడ్యం అనుకోనక్కరలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఐరోపా పండితులు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచారు. తల్లికి మంచి పోషణ ఉంటే ఆడపిల్ల, లేకుంటే మగపిల్లవాడు అన్న సిద్ధాంతం అప్పట్లో శాస్త్రగ్రంథాలలోనే ఉండేది. వియన్నాలో షెంక్ అనే ప్రొఫెసరు తల్లి ఆహారాన్ని మార్చి కోరిన సంతానాన్ని పొందవచ్చునని 1898లో ప్రకటించి పెద్ద సంచలనమే రేపాడు. అంతా తల్లి గర్భంలో, తల్లి తిండిలో ఉందని వాళ్ళ వాదన.

ఈ వాదనకు గట్టి దెబ్బ తగిలింది 1905లో. కొట్టినది ఒక స్త్రీ. యౌవనమంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుని, ముప్ఫై అయిదో ఏట మళ్ళీ కాలేజీలో చేరి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పురుగుల బీజకణాలను లెక్కపెట్టిన నెట్టీ మరియా స్టీవెన్స్. మనం కాపురం పెట్టుకున్న ఈ అమెరికా దేశంలోనే పుట్టి, ఇక్కడే కన్నుమూసింది. అయినా ఇక్కడి మన ఇళ్ళలో ఆమె పేరు తెలిసినవారు తక్కువ.

నెట్టీ 1861 జూలై 7న వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి ఎఫ్రాయిమ్ వడ్రంగి, నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనిషి. తల్లి జూలియా ఈమె పసితనంలోనే పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని, కుటుంబాన్ని మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫర్డ్‌కు తరలించాడు. నెట్టీ, ఆమె చెల్లెలు ఎమ్మా అక్కడే పెరిగారు. బాస్టన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువారికి ఆ ఊరు చెప్పనక్కరలేదు. ఇవాళ అక్కడ భారతీయ కుటుంబాలు బాగానే ఉన్నాయి.

1880లో వెస్ట్‌ఫర్డ్ అకాడమీలో చదువు ముగిసింది. ఆ కాలంలో చదువుకున్న ఆడపిల్లకు ఉన్న దారులు రెండే: పెళ్ళి, లేదా బడి. నెట్టీ బడిని ఎంచుకుంది. న్యూహాంప్‌షైర్‌లోని లెబనన్ ఊళ్ళో జంతుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, లెక్కలు, ఇంగ్లీషు, లాటిన్ అన్నీ ఆమే చెప్పింది. తరువాత వెస్ట్‌ఫీల్డ్ నార్మల్ స్కూల్లో, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో, చేరి నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో, 1883 నాటికి, ముగించింది. ఆ పైన మళ్ళీ పాఠాలే, మళ్ళీ జీతం కూడబెట్టుకోవటమే. ఇలా పన్నెండు పదమూడేళ్ళు గడిచాయి. ఈ సంవత్సరాల గురించి చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు. కాని ఈ సంవత్సరాలే లేకుంటే తరువాతి కథకు డబ్బు లేదు.

1896లో, తోటివారు ఇక స్థిరపడిపోయాం అనుకునే వయసులో, నెట్టీ ఆ డబ్బు మూట కట్టుకుని దేశానికి ఆ చివరన కాలిఫోర్నియాలో కొత్తగా వెలసిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి బయలుదేరింది. 1899లో బి.ఏ., 1900లో ఎం.ఏ. పట్టాలు పుచ్చుకుంది. వేసవి సెలవుల్లో పసిఫిక్ తీరాన ఉన్న హాప్‌కిన్స్ సముద్రతీర ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పరిశీలించడం నేర్చుకుంది. సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి గంటల తరబడి కదలకుండా కూర్చునే అలవాటు అక్కడే పట్టుబడింది.

1900లో ఫిలడెల్ఫియా దగ్గర బ్రిన్ మార్ కాలేజీకి వచ్చింది. అది స్త్రీల కాలేజీ. స్త్రీలకు డాక్టరేట్ చదువు చెప్పిన అతి కొద్ది సంస్థల్లో ఒకటి. ఫిలడెల్ఫియా నుంచి పావోలీ వైపు రైలెక్కే మన వాళ్ళు రోజూ ఆ స్టేషను మీదుగానే పోతుంటారు. అక్కడ జీవశాస్త్రం చెబుతున్నవాడు థామస్ హంట్ మోర్గాన్, వయసులో నెట్టీ కంటే అయిదేళ్ళు చిన్న. గురువు కంటే శిష్యురాలు పెద్దదయినా ఆ చదువుకు ఏ లోటూ రాలేదు. కాలేజీవారు ఆమెను విద్యార్థి వేతనం మీద ఐరోపా పంపారు. ఇటలీలో నేపుల్స్ జంతుశాస్త్ర కేంద్రంలోనూ, జర్మనీలో వుర్జ్‌బర్గ్‌లో థియొడోర్ బొవేరీ దగ్గరా పనిచేసింది. కణంలోని వర్ణసూత్రాలు ఒకదానిలా ఒకటి ఉండవని, దేని పని దానిదేనని సముద్రపు ముళ్ళజీవుల గుడ్లలో నిరూపిస్తున్నవాడు బొవేరీ. ఆ మాట నెట్టీ మనసులో నాటుకుంది. 1903లో డాక్టరేట్ వచ్చింది.

ఇక్కడ పిల్లల కోసం కాస్త శాస్త్రం చెప్పుకోవాలి, లేకపోతే ఆమె సాధించినదేమిటో అంతుబట్టదు. జంతువుల, మొక్కల జీవకణాల్లో సాధారణంగా ఒక కేంద్రకం ఉంటుంది. రంగు పట్టిస్తే అందులో ముదురుగా కనిపించే పదార్థం క్రొమాటిన్. కణం రెండుగా విడిపోయే ముందు ఈ పదార్థం చిన్న చిన్న కడ్డీలుగా చుట్టుకుంటుంది. అవే వర్ణసూత్రాలు, మనం బళ్ళో క్రోమోజోములని చదువుకున్నవి. మిగతా సమయంలో అవి పోగులు విప్పిన దారంలా పరచుకుని ఉండి కంటికి విడిగా కనబడవు. కేంద్రకంలోనే గుండ్రని బొట్టులాంటిది ఇంకొకటి ఉంటుంది. దానిని కేంద్రకాంశం అంటారు. ఆ బొట్టు చేసే పని ఏమిటో ఆనాడు ఎవరికీ తెలియదు.

చిక్కంతా ఈ బొట్టుతోనే వచ్చింది. 1891లో జర్మన్ పండితుడు హెంకింగ్ ఒక ఎర్ర నల్లి జాతి పురుగు బీజకణాలను పరిశీలిస్తూ, మిగతా వర్ణసూత్రాలన్నీ జంటలు కట్టి నడుస్తుంటే ఒక ముక్క ఒంటరిగా ఒకే వైపుకు పోవటం గమనించాడు. అది వర్ణసూత్రమో, కేంద్రకాంశమో తేల్చుకోలేక ఎక్స్ అని గుర్తు పెట్టి వదిలేశాడు. మన పాఠ్యపుస్తకాల్లోని ఎక్స్ అక్షరం పుట్టింది ఆ సందేహంలోంచే. తరువాతివారికీ అదే అవస్థ. బీజకణం ఎదిగే దశలో తక్కిన వర్ణసూత్రాలన్నీ విప్పుకుని పలచబడిపోతే ఈ ఒక్కటి మాత్రం ముడుచుకుని, నల్లగా, గుండ్రంగా, అచ్చం కేంద్రకాంశంలా కూర్చుంటుంది. అందుకే కొందరు దానికి క్రొమాటిన్ కేంద్రకాంశం అనే పేరు పెట్టారు. పేరు పెట్టడం సులువు, అది చేసే పని చెప్పడమే కష్టమైంది.

కాన్సస్‌లో మెక్లంగ్ అనే శాస్త్రజ్ఞుడు 1901, 1902 ప్రాంతాల్లో ఒక సాహసం చేశాడు. ఈ అదనపు వర్ణసూత్రం శుక్రకణాలలో సగానికే చేరుతుంది కనుక, ఆడా మగా తేడా దీనివల్లనే రావాలన్నాడు. ఊహ అద్భుతమైనది. కాని మిడతల్లో ఆడదాని లెక్క సరిగ్గా తేలక ఆడమిడతకు వర్ణసూత్రాలు తక్కువన్న పొరపాటు దొర్లింది. దానితో, అదనపు ముక్క చేరితే మగ పుడుతుందని తలకిందుగా తేలింది. మగపురుగు బీజకణాలను మాత్రమే చూసి సరిపెట్టుకుంటే వచ్చే ప్రమాదం ఇది. ఆడపురుగు గుడ్లు కొవ్వుతో నిండి, రంగు సరిగ్గా పట్టక, పొరలుగా కోయటానికి మొండికేస్తాయి. అందుకని చాలామంది వాటి జోలికి పోయేవారు కారు.

నెట్టీ పోయింది. 1904లో ఆమె చేతిలో డబ్బు లేదు. పాఠాలు చెబితే తప్ప గడవని స్థితి, పాఠాలు చెబితే పరిశోధన సాగని స్థితి. కార్నెగీ సంస్థకు అర్జీ పెట్టుకుంది. తన శిష్యులలో ఇంత సమర్థురాలు మరొకరు లేరని మోర్గాన్ సిఫారసు చేశాడు. సంస్థ ఆమెను పరిశోధన సహాయకురాలిగా నియమించింది. ఆ ఏడాదిలో ఆమె చెదపురుగులు, ఇసుక కీచురాయి, బొద్దింక, పేనుబంక, పిండిపురుగు ఇలా ఇల్లాళ్ళు చీపురుతో ఊడ్చిపారేసేవీ, రైతులు తిట్టుకునేవీ ఏరుకుని పరిశీలించింది. వాటి బీజకోశాలను మందులో వేసి గట్టిపరచి, మైనంలో పొదిగి, మిల్లీమీటరులో వందో వంతుకూ తక్కువ మందం ఉన్న పొరలుగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పరచి, సూక్ష్మదర్శినిలో కనబడినదాన్ని కనబడినట్టుగా బొమ్మ గీసింది. అప్పటికి ఫొటోల కంటే గీసిన బొమ్మలకే విలువ ఎక్కువ. ఒక్క వర్ణసూత్రం మరొకదాని చాటున దాగితే లెక్క తప్పుతుంది. అందుచేత ఒక్కొక్క కణాన్ని పదే పదే చూడాలి. చూసింది.

పిండిపురుగు దగ్గర రహస్యం బయటపడింది. మనం పిండి జల్లించేటప్పుడు కనబడే ఎర్రని పెంకుపురుగుకు ఇది పెద్దక్క లాంటిది. దీని లార్వాలను పెంపుడు పక్షుల మేత కోసం ఇక్కడి కొట్లలో అమ్ముతారు. ఆడపురుగు శరీరకణంలో 20 వర్ణసూత్రాలున్నాయి, అన్నీ పెద్దవే. మగపురుగు శరీరకణంలోనూ 20 ఉన్నాయి. అయితే వాటిలో 19 పెద్దవి, ఒకటి మాత్రం బహు చిన్నది. శుక్రకణాలు తయారయ్యేటప్పుడు సగానికి 10 పెద్దవి వస్తున్నాయి, మిగతా సగానికి 9 పెద్దవి, ఆ ఒక్క చిన్నది. ఆడపురుగు కణంలో చిన్నది అసలే లేదు కనుక గుడ్లన్నీ ఒకే రకం. పెద్ద ముక్క ఉన్న శుక్రకణం కలిస్తే ఆడపురుగు, చిన్న ముక్క ఉన్నది కలిస్తే మగపురుగు. గుడ్డులో ఏ తేడా లేదు. తేడా తండ్రి నుంచి వస్తోంది.

ఈ లెక్క ఇంత బలంగా నిలవటానికి కారణం ఆమె శరీరకణాల్ని కూడా లెక్కపెట్టటమే. మిడతల్లో మగదానికి ఒకటి తక్కువ ఉంటుంది కనుక వాదానికి సందు దొరికేది. ఇక్కడ సంఖ్య రెండింటికీ సమానం, మార్పు ఒకే ఒక్క ముక్కలో. ఇక తిండి, ఎండ, చలి అంటూ వాదించేవారికి చోటెక్కడ? 1905 సెప్టెంబరులో కార్నెగీ సంస్థ ఈ పరిశోధనను ప్రచురించింది. ఆమెకప్పుడు 44 ఏళ్ళు.

అదే సంవత్సరం కొలంబియా యూనివర్సిటీలో ఎడ్మండ్ బీచర్ విల్సన్ నల్లి జాతి పురుగులలో ఇదే సత్యానికి వేరే దారిన చేరుకున్నాడు. ఆయన అప్పటికే పేరు మోసిన మహామహోపాధ్యాయుడు. ఒకరిది ఒకరు దొంగిలించారన్న మాట ఎక్కడా లేదు. విల్సన్ ఆమె పనిని తన వ్యాసంలోనే పేర్కొన్నాడు. కాని ఒక తేడా గమనించాలి. వర్ణసూత్రమే ఆడా మగా నిర్ణయిస్తుందని నెట్టీ గట్టిగా పట్టుకుంటే, విల్సన్ మొదట్లో బయటి పరిస్థితులకూ కొంత చోటు మిగిల్చాడు. ఆమె గురువు మోర్గాన్ అయితే ఈ వర్ణసూత్రాల వాదాన్ని ఇంకా అయిదేళ్ళు నమ్మలేదు. 1910లో తన సీసాల్లో తెల్లకన్ను పండ్ల ఈగ పుట్టాక దారికొచ్చాడు. తరువాత ఆ దారిలోనే 1933లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నెట్టీ పోయాక ఆమెను స్మరిస్తూ సైన్స్ పత్రికలో వ్యాసం రాసినవాడూ ఆయనే. అయినా తరువాత వచ్చిన పుస్తకాలు చాలావాటిలో విల్సన్ పేరు, మోర్గాన్ పేరు నిలిచాయి, ఆమె పేరు సన్నగిల్లింది. ఎవరి పని ఎంత అన్నది చరిత్రకారుడు స్టీఫెన్ బ్రష్ 1978లో కాగితాలు తిరగేసి విడమరిచి రాసేదాకా చాలామందికి తెలియలేదు.

పేనుబంక కథ మరీ చిత్రమైనది. మన మిరపతోటల్లో, చిక్కుడుపాదుల్లో ఆకుల వెనక జిగటగా పట్టుకునే ఈ పురుగుల్లో వేసవి అంతా ఆడవే ఉంటాయి, మగతోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంటాయి. చలి ముదిరాక మగవి పుడతాయి, జతకూడతాయి, అప్పుడు పెట్టిన గుడ్ల నుంచి మళ్ళీ ఆడవే వస్తాయి. తండ్రి ఉన్నా మగబిడ్డ కలగని వంశమన్నమాట. ఈ పేనుబంక బీజకణాల మీద చేసిన పనికే ఆమెకు 1905లో, స్త్రీల పరిశోధనలకిచ్చే ఎలెన్ రిచర్డ్స్ బహుమతి, 1000 డాలర్లు, వచ్చింది. అందులో ఒంటరి వర్ణసూత్రం ఆమెకు మొదట కనబడలేదు. మళ్ళీ పరిశీలించి, పేనుబంకలోనూ జత లేని వర్ణసూత్రం ఉందని 1909లో తానే ప్రకటించింది. తక్కువ వర్ణసూత్రాలున్న సగం శుక్రకణాలు పక్వానికి రాకుండానే నశించిపోతాయని, అందుకే తండ్రి ఉన్న గుడ్లన్నీ ఆడవే అవుతాయని ఆ కాలంలోనే మోర్గాన్, ఫాన్ బేర్ వేరువేరుగా తేల్చారు. బహుమతి పొందిన పనినే తిరిగి తెరిచి చూడటం ఎంతమంది చేస్తారు?

ఆ తరువాతి ఆరేడేళ్ళలో ఆమె చూడని పురుగు లేదనిపిస్తుంది. పెంకుపురుగులు, ఈగలు, 1908లో అరటిపళ్ళ మీద ముసిరే పండ్ల ఈగ, 1910, 1911లలో దోమలు. పురుగుల్లో నిజమైనది పాలిచ్చే జంతువుల్లో నిజమా అని గినీపందిని కూడా చూసింది. పండ్ల ఈగ తరువాత మోర్గాన్ చేతిలో ప్రపంచప్రసిద్ధి పొందింది. దాని వర్ణసూత్రాలను ముందుగా శ్రద్ధగా పరిశీలించినవారిలో ఆమె ఒకతె. 1908, 1909ల్లో మరొకసారి బొవేరీ దగ్గరికి వెళ్ళి వచ్చింది. పదకొండు పన్నెండేళ్ళలో నలభైకి దగ్గరగా వ్యాసాలు ప్రచురించింది. బ్రిన్ మార్‌లో ఆమె హోదా మాత్రం అసోసియేట్ దాటలేదు. పెద్ద యూనివర్సిటీల్లో స్త్రీకి ప్రొఫెసరు పదవి ఆ రోజుల్లో గగనకుసుమం.

హెంకింగ్‌ను తికమకపెట్టిన ఆ బొట్టు సంగతి కూడా చెప్పాలి కదా. కేంద్రకాంశం ఒక వర్ణసూత్రం మీద నిర్ణీతమైన చోట పుట్టుకొస్తుందని మొక్కజొన్నలో 1934లో చూపినది మరో అమెరికన్ స్త్రీ, బార్బరా మెక్లింటాక్. కణంలో మాంసకృత్తులు తయారుచేసే యంత్రాలు, అంటే రైబోసోములు, రూపుదిద్దుకునేది అక్కడే. నీటిలో ఈదే ఒక పెంకుపురుగు అండకణంలో అదనపు క్రొమాటిన్ ముద్ద ఉందని ఇటలీలో జియార్దీనా 1901లోనే చూశాడు. ఎదగబోయే గుడ్డుకు రైబోసోములు విస్తారంగా కావాలి కనుక కేంద్రకాంశపు జన్యువులను అది ఎన్నో రెట్లు పెంచుకుంటోందని 1969లో అమెరికాలో జోసెఫ్ గాల్, ఆయన సహచరులు తేల్చారు. పండ్ల ఈగలో ఈ జన్యువులు ఉండేది సరిగ్గా ఎక్స్, వై వర్ణసూత్రాల మీదనే. అంటే పాతవారు ఆ రెండింటినీ కలగాపులగం చేయటంలో, కనీసం ఈగ విషయంలో, కొంత చుట్టరికం ఉండనే ఉంది.

మనుషుల్లో లెక్క తేలటానికి ఇంకా చాలా కాలం పట్టింది. మనిషికి 46 వర్ణసూత్రాలని రూఢి అయినది 1956లో. వై వర్ణసూత్రం మీద మగతనానికి నాంది పలికే జన్యువు దొరికినది 1990లో. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్. తండ్రి ఇచ్చేది ఎక్స్ కావచ్చు, వై కావచ్చు, బొమ్మా బొరుసూ పడ్డట్టు. అలాగని ఇప్పుడు నింద తీసుకెళ్ళి తండ్రి నెత్తిన పెట్టటం కూడా తగదు; ఏది పడుతుందన్నది అతని చేతిలోనూ లేదు. ఇదంతా హైస్కూలు పాఠమైన తరువాత కూడా ఊళ్ళలో కోడళ్ళను ఆడిపోసుకోవటం ఆగలేదు. పైపెచ్చు 1970ల నుంచి ఇదే విద్య కడుపులోని బిడ్డ ఆడో మగో ముందే చెప్పటానికి అక్కరకొచ్చింది. దానిని అడ్డుకోవటానికి భారతదేశంలో 1994లో చట్టం చేయవలసి వచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన మన ఇళ్ళలోనూ మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు ఫోనులో వినిపించే ఓదార్పు మాటలు మనకు తెలియనివి కావు.

నెట్టీకి రొమ్ము కాన్సరు సోకింది. బ్రిన్ మార్ కాలేజీ ఎట్టకేలకు ఆమె కోసం ఒక పరిశోధన ప్రొఫెసరు పదవిని సృష్టించింది. ఆ కుర్చీలో కూర్చునే యోగం ఆమెకు లేకపోయింది. 1912 మే 4న బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో, 51వ ఏడు నిండకుండానే, కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు. వెస్ట్‌ఫర్డ్ శ్మశానవాటికలో తండ్రి పక్కన, చెల్లెలు ఎమ్మా పక్కన ఆమె సమాధి ఉంది. 1994లో అమెరికా జాతీయ మహిళా ప్రముఖుల సభలో ఆమె పేరు చేర్చారు. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించిన వెస్ట్‌ఫీల్డ్ బడి ఇప్పుడు యూనివర్సిటీ అయింది. అక్కడి సైన్సు భవనానికి ఆమె పేరే పెట్టారు.